సూర్యుడికి ఎదురు తిరిగిన మాట

ఇంగ్లిష్‌లో విడర్‌షిన్స్ అని ఒక క్రియావిశేషణం ఉంది. నిఘంటువు దాని అర్థాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది: అపసవ్యదిశలో, సూర్యుడి నడకకు ఎదురుగా. ఒకప్పుడు స్కాట్లండ్‌లోను, ఇంగ్లండ్ ఉత్తర జిల్లాల్లోను జనం నోట నలిగిన మాట ఇది. ఇప్పుడు వాడుకలో వినబడడం అరుదు. పాత చర్చి, మంత్రగత్తె, యక్షుల కొండ వచ్చే కథల్లో మాత్రం తొంగిచూస్తూ ఉంటుంది. ఇలాంటి మాటను ఈనాటి రచయిత వాడాలా, వాడితే పాఠకుడికి దక్కేదేమిటి అన్నది ఇక్కడ ప్రశ్న. వాదిస్తున్న ఇద్దరిలో ఒకరు పత్రికా సంపాదకుడు, మరొకరు ఇంగ్లిష్ కథలను తెలుగులోకి తెచ్చే అనువాదకురాలు. ఇద్దరి దగ్గరా సరుకుంది.

సంపాదకుడు: కథ చదువుతున్నవాడు వాక్యం మధ్యలో ఆగి నిఘంటువు తీశాడంటే, ఆ క్షణానికి కథ చచ్చిపోయినట్టే. ఆంటీక్లాక్‌వైజ్ అనే మాట అందరికీ తెలుసు. పని చేస్తుంది. దాన్ని పక్కన పెట్టి విడర్‌షిన్స్ అని రాసే రచయిత పాఠకుడికి ఏమీ చెప్పడం లేదు, తనకు ఎంత తెలుసో చూపించుకుంటున్నాడు. జార్జ్ ఆర్వెల్ 1946లో రాజకీయాలు, ఇంగ్లిష్ భాష గురించి రాసిన వ్యాసంలో మొత్తుకున్నది ఇదే కదా, చిన్న మాట సరిపోయే చోట పెద్ద మాట ఎందుకని. ఇంకో సంగతి. మంత్రగత్తెలు గుండ్రంగా తిరిగే దృశ్యాల్లో మక్బెత్‌లో ఉన్నదాన్ని మించినది లేదు. నీకు మూడు, నాకు మూడు అని లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు. షేక్‌స్పియర్ ఆ నాటకంలోనే కాదు, తన మొత్తం రచనల్లో ఎక్కడా ఈ మాట వాడలేదు. ఎటువైపు తిరిగారో కూడా చెప్పలేదు. అయినా నాలుగు వందల ఏళ్లుగా ఆ దృశ్యం జనాన్ని భయపెడుతూనే ఉంది.

అనువాదకురాలు: షేక్‌స్పియర్ వాడలేదన్నది నిజమే మాస్టారూ. ఆయన వార్విక్‌షైర్ మనిషి. ఆయన ఊరి భాషలో ఆ మాట లేదు. లేని మాటను వాడకపోవడం సంయమనం అనిపించుకోదు. పైగా ఆంటీక్లాక్‌వైజ్ పాత మాట, విడర్‌షిన్స్ దానికి తగిలించిన నగ అన్నట్టు మాట్లాడుతున్నారు. వరస తిరగబడింది. ఆంటీక్లాక్‌వైజ్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టింది. గడియారం ఇంటింటికీ వచ్చాక గాని దానికి అవసరం పడలేదు. విడర్‌షిన్స్ 1513 నాటికే పుస్తకంలో ఉంది. గావిన్ డగ్లస్ అనే స్కాటిష్ కవి వర్జిల్ ఈనియడ్‌ను తన స్కాట్స్ భాషలోకి అనువదించి ఆ ఏడాది పూర్తి చేశాడు. చనిపోయిన భార్య దయ్యమై కనిపించినప్పుడు ఈనియాస్ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అక్కడ డగ్లస్ ఈ మాట వేశాడు. ఒక అనువాదకుడి చేతి మీదుగా రాతభాషకు అందిన మాట ఇది. అందుకే దీని మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను.

సంపాదకుడు: ఆ ఉదాహరణ మీ వాదానికి బలమా, బలహీనతా? వెంట్రుకలు గుండ్రంగా తిరగవు కదా. ఉండాల్సిన తీరుకు విరుద్ధంగా లేచాయి, అంతే. జర్మన్ నేల నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో ఉన్నవి రెండే ముక్కలు. ఒకటి ఎదురు, రెండోది దారి. ఎదురుదారి, తప్పుదారి అన్నమాట. సూర్యుడు అందులో లేడు. రెండో ముక్క సూర్యుడి పేరులా వినబడడం వల్ల జనం తర్వాత సూర్యుణ్ణి దానికి జతచేశారు. ఇప్పుడు దాని అర్థం ఏమిటి మరి? తలకిందులుగానా, ఎడమచుట్టుగానా, సూర్యుడికి ఎదురుగానా, అశుభంగానా? నాలుగు అర్థాల మధ్య జారే మాటతో పాఠకుడు ఏం చేసుకోవాలి?

అనువాదకురాలు: ఆ నాలుగూ ఒకేసారి పలకడమే దాని బలం. వాల్టర్ స్కాట్ 1814లో తన పేరు పెట్టకుండా వేవర్లీ నవల అచ్చువేశాడు. అందులో గాయపడిన కథానాయకుడికి వైద్యం చేయడానికి హైలాండ్స్ ముసలివాడు ఒకడు వస్తాడు. మందు సంచి విప్పకముందే రోగి చుట్టూ సూర్యుడు తిరిగే వైపుగా మూడు చుట్లు తిరుగుతాడు. దాన్ని వాళ్ల గేలిక్ భాషలో డెషిల్ అంటారు. మేలు కోరిన మనిషి చుట్టూ అలా తిరుగుతారనీ, దానికి ఎదురుగా తిరగడం, అంటే విడర్‌షిన్స్, కీడనీ, అది ఒక రకం మంత్రప్రయోగమనీ స్కాట్ వివరంగా రాశాడు. ఇది ఆయన కల్పన కాదు. అంతకు నూట పదేళ్ల ముందే, 1703లో, మార్టిన్ మార్టిన్ అనే యాత్రికుడు స్కాట్లండ్ పడమటి దీవుల గురించి పుస్తకం వేశాడు. బాలింతల చుట్టూ, ఇంకా బాప్తిస్మం కాని పసిబిడ్డల చుట్టూ సూర్యుడి దిశలో నిప్పు తిప్పే ఆచారాన్ని అందులో నమోదు చేశాడు. ఆ పల్లెల్లో దిశ అంటే కొలత ఒక్కటే కాదు. మంచీ చెడూ కూడా అందులోనే ఉన్నాయి. ఆంటీక్లాక్‌వైజ్ అంటే స్క్రూ తిప్పే సంగతి గుర్తొస్తుంది. దానికి మంచీ లేదు, చెడూ లేదు.

సంపాదకుడు: స్కాట్ వివరణ రాయవలసి వచ్చింది. మీరే అన్నారు. తన పాఠకులకు ఆ మాట తెలియదని ఆయనకు తెలుసు. వివరణ లేకుండా నిలబడలేని మాట కథలో అద్దెకున్నట్టే.

అనువాదకురాలు: వివరణను ఎక్కడ పెట్టామన్నది చూడండి. చైల్డ్ రోలండ్ కథే తీసుకోండి. రాబర్ట్ జేమీసన్ అనే ఆయన చిన్నప్పుడు ఒక పల్లెటూరి దర్జీ నోట విన్న కథ ఇది. వేవర్లీ వచ్చిన 1814లోనే దాన్ని అచ్చులోకి తెచ్చాడు. తర్వాత 1890లో జోసెఫ్ జేకబ్స్ ఇంగ్లిష్ ఫెయిరీ టేల్స్‌లో పిల్లల కోసం తిరగ చెప్పాడు. రాకుమారులు బంతి ఆడుతుంటే అది చర్చి అవతల పడుతుంది. చెల్లెలు బర్డ్ ఎలెన్ దాన్ని తేవడానికి చర్చి చుట్టూ వెళ్తుంది. తిరిగి రాదు. అన్న వెళ్లి మాంత్రికుడు మెర్లిన్‌ను అడుగుతాడు. ఆమె చర్చిని విడర్‌షిన్స్, అంటే సూర్యుడికి ఎదురుగా, చుట్టింది కాబట్టి యక్షరాజు ఎత్తుకుపోయాడని మెర్లిన్ చెబుతాడు. వివరణ అంతే. అడుగున నోట్ లేదు, బ్రాకెట్టు లేదు. తెలిసిన వాడు తెలియని వాడికి చెప్పాడు. పక్కనున్న పాఠకుడూ విన్నాడు.

సంపాదకుడు: అది బాగుంది. ఒప్పుకుంటాను.

అనువాదకురాలు: అసలు సంగతి ఇంకా ఉంది. ఇద్దరన్నలు వెళ్లి తిరిగిరారు. చివరికి అందరికన్నా చిన్నవాడు రోలండ్ బయలుదేరతాడు. దారిలో కనబడ్డ కోళ్లు కాసే అవ్వ ఏం చెబుతుంది? మెట్లు మెట్లుగా ఉన్న గుండ్రటి పచ్చకొండ వస్తుంది, దాని చుట్టూ మూడుసార్లు విడర్‌షిన్స్ తిరుగు, తిరిగిన ప్రతిసారీ తలుపు తెరుచుకోమని అడుగు, మూడోసారి తెరుచుకుంటుంది అంటుంది. గమనించండి. చెల్లెలిని పోగొట్టిన నడకే ఆమెను వెతకడానికి దారి ఇస్తోంది. ఆమె తెలియక తిరిగింది, తమ్ముడు తెలిసి తిరిగాడు. కథకు వెన్నెముక అదే. ఆ రెండు చోట్లా ఒకే మాట ఉండాలి, ఆ మాటలో భయం ఉండాలి. భయం లేని మాట వేస్తే రోలండ్ మూడు చుట్లు నడకకు వెళ్లినట్టుంటుంది. చేయకూడని పనిని చేయాలని తెలిసి చేసేవాడి ధైర్యం కనిపించదు.

ఈ ఉదాహరణ దగ్గర సంపాదకుడి స్వరం కొంత మెత్తబడిన మాట నిజమే. రెండు వాక్యాల మధ్య ఇంత బరువు మోసే క్రియావిశేషణాలు ఏ భాషలోనూ ఎక్కువ ఉండవు. అయితే ఆయన తన గట్టి వాదాన్ని ఇంకా బయటికి తీయలేదు. అది వ్యాకరణానికీ శైలికీ సంబంధించినది కాదు.

సంపాదకుడు: ఈ మాట కథల్లోకి రాకముందు ఎక్కడికి వెళ్లిందో చూద్దామమ్మా. 1590లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ డెన్మార్క్ నుంచి కొత్త పెళ్లికూతురితో ఓడలో ఇంటికి వచ్చాడు. ఆ ప్రయాణాలను తుఫానులు పీడించాయి. ఆ తుఫానులు మంత్రగత్తెలు లేపారని అనుమానం పుట్టింది. ఎడిన్‌బరోకు తూర్పున సముద్రపుటొడ్డున నార్త్ బెర్విక్ అనే ఊరుంది. అక్కడి చర్చిలో సైతానుతో కలిసి కుట్ర చేశారని చాలామందిని పట్టారు. ఆగ్నెస్ శాంప్సన్ అనే ఆమె రోగాలు నయం చేసే మనిషి, మంత్రసాని. రాజే స్వయంగా ఆమెను ప్రశ్నించాడు. హింస పెట్టి ఒప్పించారు. 1591లో చంపారు. ఆమె మీద పెట్టిన నేరాల పత్రంలో ఈ మాట ఉంది. చర్చిలో సైతానుకు మొక్కినప్పుడు అక్కడి వాళ్లు విడర్‌షిన్స్ తిరిగారని రాసుకున్నారు. ఎవరూ చూడనిది, ఎవరూ చేయనిది. నొప్పి భరించలేని మనిషి నోటి నుంచి వచ్చింది, లేదా గుమాస్తా కలం నుంచి వచ్చింది. ఒక ముసలామె ప్రాణం తీసిన కాగితంలో సాక్ష్యంగా కూర్చున్న మాట ఇది. అదే మాటను ఈనాడు ఫాంటసీ నవలలో వెన్నెల, పొగమంచు, నల్లపిల్లి పక్కన ముచ్చటగా అద్దుతున్నారు. అందం కోసం ఏరుకున్నారు, దాని మీది రక్తం గురించి అడగలేదు. నా అభ్యంతరం అసలు ఇక్కడ.

అనువాదకురాలు: దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. మీరన్నది న్యాయం. దర్జీ చెప్పిన కథలో ఉన్న భయం, న్యాయాధికారి కాగితంలో ఉన్న భయం ఒకే ఊటలోంచి వచ్చాయి. పల్లెలో అది జాగ్రత్త, కోర్టులో అది ఆయుధం. ఆ రెండింటినీ విడదీసి మొదటిదాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకుంటే మోసమే అవుతుంది. కానీ మీరు చెప్పిన మందు ఏమిటి? మాటను వదిలేయడం. వదిలేస్తే ఆగ్నెస్ మీది ఆరోపణలో ఏముందో కూడా మనకు అర్థం కాదు. ఎటు తిరిగావు అన్న ప్రశ్న మీద ఒక మనిషి ప్రాణం ఎలా ఆధారపడిందో తెలియాలంటే, ఆ కాలంలో ఆ దిశ అంటే జనం ఏమనుకున్నారో తెలియాలి. మాటను పాతిపెడితే సాక్ష్యం కూడా దాంతోపాటు పోతుంది.

సంపాదకుడు: చరిత్ర పుస్తకంలో ఉండనివ్వండి. నేను మాట్లాడుతున్నది నవలల గురించి.

అనువాదకురాలు: నవలల్లో కూడా అందరూ ఒకేలా వాడలేదు. డొరొతీ సేయర్స్ 1934 నాటి ద నైన్ టేలర్స్‌లో డిటెక్టివ్ పీటర్ విమ్సీ పాత చర్చి చుట్టూ చూడడానికి బయలుదేరతాడు. చర్చిని విడర్‌షిన్స్ చుట్టడం మంచిది కాదని తెలిసినవాడు కాబట్టి కుడివైపు మళ్లుతాడు. ఒక్క వాక్యం. దానితో ఆ మనిషి చదువు, పాత నమ్మకాల మీద అతనికున్న మర్యాద, అతను అడుగుపెట్టిన ఊరి వయసు, మూడూ తెలిసిపోతాయి. సేయర్స్ చర్చి పూజారి కూతురు. ఆ ప్రాంగణాల్లో పెరిగిన మనిషి. టెర్రీ ప్రాచెట్ దారి వేరు. 1983లో మొదలైన అతని డిస్క్‌వరల్డ్ నవలల్లో లోకం పళ్లెంలా చదునుగా ఉండి తిరుగుతూ ఉంటుంది. అక్కడ తూర్పు పడమరలు లేవు. నడిబొడ్డు వైపు, అంచు వైపు, తిరిగే వైపు, విడర్‌షిన్స్ వైపు అని నాలుగు దిక్కులు. లక్షలమంది పిల్లలు నిఘంటువు తీయకుండా ఆ మాట నేర్చుకున్నారు. దారి అడిగినవాడికి చెప్పే మామూలు మాట అయిపోయింది. దానిలోని విషం తీయడానికి అదీ ఒక పద్ధతే.

సంపాదకుడు: విషం తీయడమా, మరిచిపోవడమా?

అనువాదకురాలు: ప్రాచెట్ మంత్రగత్తెల గురించి రాసిన నవలలు చదివినవాళ్లు మరిచిపోయాడని అనరు. ఊరికి పురుడు పోసి, రోగం చూసి, శవానికి స్నానం చేయించే ఆడవాళ్లు వాళ్లు. ఆగ్నెస్ శాంప్సన్ చేసిన పనులే.

సంపాదకుడు: సరే, అక్కడ ఆగుతాను. మరో వైపు నుంచి వస్తాను. సూర్యుడికి ఎదురుగా అంటున్నాం. ఎవరి సూర్యుడికి? ఎడిన్‌బరో దాదాపు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు. సూర్యుడి వైపు తిరిగి నిలబడితే ఆయన ఎడమ నుంచి కుడికి నడుస్తాడు. ఎండగడియారం నీడ కూడా ఆ వరసలోనే తిరుగుతుంది. మన గడియారం ముల్లు ఆ అలవాటును అందిపుచ్చుకుంది. ఆస్ట్రేలియాకు వెళ్తే మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, కుడి నుంచి ఎడమకు పోతాడు. అక్కడ సూర్యుడికి ఎదురుగా నడవడం అంటే గడియారం ముల్లు వైపు నడవడమే. అంత దూరం ఎందుకు? హైదరాబాద్ పదిహేడున్నర డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం వేళ సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఆ మూడు నెలలూ విడర్‌షిన్స్ అనే మాట ఇక్కడ తలకిందులైపోతుంది. తాను పుట్టిన అక్షాంశం దాటితే అర్థం నిలవని మాట అది. ఆంటీక్లాక్‌వైజ్‌కు ఆ గొడవ లేదు. సిడ్నీలోనూ శ్రీకాకుళంలోనూ ఒకటే.

అనువాదకురాలు: ఈ లెక్క అద్భుతంగా ఉంది. ఇది మన ప్రదక్షిణం గురించే ఒక మంచి సంగతి చెబుతోంది. మనం గుడి చుట్టూ తిరిగేది సూర్యుణ్ణి చూసి కాదు. మే నెలలో ఒకలా, డిసెంబరులో ఒకలా తిరగం. దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకోవడం, అదీ నియమం. అమరావతి స్తూపం చుట్టూ ఉన్న ప్రదక్షిణ పథంలో బౌద్ధులు నడిచిందీ అలాగే. ఇక స్కాట్లండ్ వాళ్ల డెషిల్ చూడండి. అందులో ఉన్న డెస్ అనే గేలిక్ మాటకు కుడి అనీ, దక్షిణం అనీ రెండర్థాలు. మన దక్షిణకూ అవే రెండర్థాలు. తూర్పుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేయి దక్షిణం వైపు ఉంటుంది, అందుకని. ఈ రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చినవి, లాటిన్ డెక్స్‌టర్‌తో సహా. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో అన్నప్పుడు, కెల్టిక్ భాషల పేరు కూడా ఆ వరసలో చేర్చాడు. హైలాండ్స్ ముసలివాడు రోగి చుట్టూ తిరిగిన మూడు చుట్లూ, మన అవ్వ తులసికోట చుట్టూ తిరిగే మూడు చుట్లూ భాషాపరంగా చుట్టరికం ఉన్నవే.

సంపాదకుడు: చుట్టరికం ఉన్నంత మాత్రాన దిశకు పుట్టుకతో పుణ్యం రాదు. ముస్లింలు కాబా చుట్టూ ఏడుసార్లు తిరిగేది దాన్ని ఎడమచేతి వైపు ఉంచుకొని. అంటే మీ మాటలో విడర్‌షిన్స్. వాళ్లకు అంతకన్నా పవిత్రమైన నడక లేదు. టిబెట్‌లో బౌద్ధులు కైలాసాన్ని ఒక వైపు చుడితే బోన్ మతస్థులు రెండో వైపు నుంచి చుడతారు, దారిలో ఎదురుపడతారు కూడా. మన శివాలయాల్లోనే ఉంది కదా, సోమసూత్రం దాటకూడదని. అభిషేకజలం బయటికి వచ్చే తూము దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే రెండో వైపుకు నడుస్తాం. సగం ప్రదక్షిణం, సగం అప్రదక్షిణం. దాన్ని చూసి ఎవరూ కీడు అనలేదు.

అనువాదకురాలు: నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. దిశకు పుట్టుకతో మంచీ చెడూ లేవు. ఒక నేల, ఒక జనం దానికి ఇచ్చుకున్నారు. అందుకనే ప్రపంచమంతా ఒకేలా పలికే ఆంటీక్లాక్‌వైజ్‌తో ఆ జనం మనసు చెప్పలేం. స్కాట్లండ్ భయాన్ని స్కాట్లండ్ మాట చెబుతుంది. అక్షాంశం దాటితే నిలవదన్నారు. ఆ మాట ఆ నేలదే అనడానికి అంతకన్నా రుజువేముంది?

ఇంకో మాట. అరుదైన పదం అంటున్నాం. ఎవరికి అరుదు? దర్జీకి అరుదు కాదు. లండన్ అచ్చుయంత్రానికి అరుదు. గిడుగు రామమూర్తి పంతులు గారు నోటి భాష కోసం జీవితమంతా కొట్లాడింది ఇలాంటి తూకం మీదే కదా. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు రాసినప్పుడు తెలంగాణ పల్లె మాటలు కోస్తా పాఠకులకు కొత్తగానే ఉన్నాయి. అర్థం కావడం లేదని ఆ మాటలు తీసేసి ఉంటే ఆ నవల ఏమయ్యేది? దానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నామిని కథల్లోని చిత్తూరు పలుకుబడి కూడా అంతే. చదివేవాడు రెండు పేజీలు తడబడతాడు, మూడో పేజీకి ఆ ఊరివాడైపోతాడు.

సంపాదకుడు: ఈ దెబ్బ తగిలింది. మాండలికం అన్న కోణంలో నేను చూడలేదు, చూడవలసింది. రంగాచార్యనూ నామినినీ తీసేయమనే సంపాదకుడు ఆ కుర్చీలో ఉండకూడదు. అయితే మీ పోలికలో ఒక ఖాళీ ఉంది. వాళ్లిద్దరూ ఆ భాషలో పుట్టారు. ఒక మాట వెనక పది వేల మాటలున్నాయి, వాక్యం నడక ఉంది, తిట్టుంది, లాలిపాట ఉంది. ఈనాడు విడర్‌షిన్స్ అని రాసే కాలిఫోర్నియా నవలాకారుడికి స్కాట్స్ రాదు. వాక్యమంతా మామూలు అమెరికన్ ఇంగ్లిష్, మధ్యలో ఒక్క మాట మాత్రం నిఘంటువులోంచి ఏరి తెచ్చి నాటాడు. దానికి చుట్టూ నేల లేదు. మాండలికాన్ని మాట్లాడడం వేరు, దాన్నుంచి ఒక పూసను పట్టుకుపోవడం వేరు. గిడుగు గారు మొదటిదాని కోసం పోరాడారు. రెండోది ఆయన ఎదిరించిన పండితుల అలవాటుకే దగ్గర.

అనువాదకురాలు: పట్టుకుపోయిన పూసలతోనే భాషలు పెరిగాయి మాస్టారూ. డగ్లస్‌కు ముందు ఎవరో ఒక జర్మన్ వర్తకుడి నోట విని ఈ మాటను స్కాట్లండ్‌లోకి తెచ్చుకొని ఉండాలి. అతనికీ ఆ భాష పూర్తిగా వచ్చి ఉండదు. జేమ్స్ జాయిస్ యులిసీస్‌లో పద్నాలుగో అధ్యాయం డెషిల్ అనే మాటతోనే మొదలవుతుంది. సూర్యుడి ఎడ్ల పేరుతో పిలిచే అధ్యాయం, ప్రసవం జరుగుతున్న ఆసుపత్రి. బాలింతల చుట్టూ సూర్యుడి దిశలో నిప్పు తిప్పిన ఆచారం తెలిసినవాడికి ఆ ఒక్క మాట దగ్గర ఒళ్లు జలదరిస్తుంది. తెలియనివాడికి అది మంత్రంలా మోగుతుంది. ఏరి తెచ్చిన మాటే అది. ఎక్కడ నాటాలో తెలిసినవాడు నాటాడు.

సంపాదకుడు: జాయిస్‌ను చూపించి అందరికీ అనుమతి పత్రం రాయలేం. మీ పని సంగతికి రండి. విడర్‌షిన్స్‌ను తెలుగులో ఏమంటారు?

అనువాదకురాలు: అపసవ్యంగా.

సంపాదకుడు: వెంటనే చెప్పేశారు. ఒకసారి ఆ మాటను విప్పి చూడండి. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. రెండు చేతులతోనూ బాణం వేయగలవాడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకర్మలో కుడి భుజం మీదికి మారిస్తే అపసవ్యం. తెలుగులోకి వచ్చేసరికి సవ్యంగా అంటే సక్రమంగా అయింది, బడిపుస్తకంలో సవ్యదిశ అంటే గడియారం ముల్లు వైపు అయింది. ఎడమ అనే మాట కుడివైపు వచ్చి కూర్చుంది.

అనువాదకురాలు: అందుకే అది సరిగ్గా సరిపోతుంది. తప్పుదారి అనే అర్థంతో బయలుదేరి దిశగా మారిన మాట అది. దిశ అనే అర్థంతో బయలుదేరి మంచిచెడ్డలుగా మారిన మాట ఇది. అపసవ్యంగా అన్నప్పుడు మనకూ దిశతోపాటు కీడు వినబడుతుంది.

సంపాదకుడు: కొందరికి తండ్రి తద్దినం వినబడుతుంది. అది కీడు కాదు. శ్రద్ధ. రోలండ్ కొండ చుట్టూ అపసవ్యంగా తిరిగాడని చదివిన ఆ పాఠకుడి మనసు ఎటు పోతుంది?

అనువాదకురాలు: పోనివ్వండి, అక్కడ అది నష్టం కాదు. ఎలెన్ ఉన్నది బతికినవాళ్ల లోకంలో కాదు. పోయినవాళ్ల వైపు ముఖం తిప్పే కర్మలోని మాట ఆ కొండ దగ్గర పలికితే కథకు మేలే జరుగుతుంది.

సంపాదకుడు: ఆగ్నెస్ శాంప్సన్ నేరపత్రం అనువదించవలసి వస్తే? సైతానుకు మొక్కి అపసవ్యంగా తిరిగారు అని రాస్తారా? పితృదేవతలకు చేసే పని సైతాను పూజ అయిపోతుంది. ఎవరో ముసలామె మీద మోపిన అబద్ధాన్ని మన ఇంటి కర్మ మీదికి తెచ్చినట్టవుతుంది.

అనువాదకురాలు: అక్కడ రాయను. సూర్యుడికి ఎదురుగా తిరిగారు అంటాను, లేదా ఎడమచుట్టు తిరిగారు అంటాను.

సంపాదకుడు: ఇంగ్లిష్‌లో ఒకే మాట ఉన్న చోట తెలుగులో రెండు పెట్టారు. రెండూ ఒకే పుస్తకంలో వస్తే, యక్షరాజు తలుపు తెరిచిన మాటా, ఆగ్నెస్ మెడకు చుట్టుకున్న మాటా ఒకటేనని తెలుగు పాఠకుడికి ఎప్పటికీ తెలియదు. సాక్ష్యం పోతుందని ఇందాక మీరే నన్ను ఆపారు.

అనువాదకురాలు: అయితే రెండు చోట్లా విడర్‌షిన్స్ అనే ఉంచేస్తాను, తెలుగు లిపిలో. కథను ముందు వేస్తాను, కోర్టు కాగితాన్ని తర్వాత. కథలో మెర్లిన్ దాని అర్థం చెప్పేస్తాడు. కాగితం దగ్గరికి వచ్చేసరికి పాఠకుడికి ఆ మాట తెలిసే ఉంటుంది. కొండ దగ్గర రోలండ్ కోసం కోరుకున్న నడకే ఇక్కడ నేరంగా రాసి ఉండడం చూసి ఆగిపోతాడు.

సంపాదకుడు: ఆగిపోవచ్చు. లేకపోతే కథ మత్తులోనే ఆ కాగితం చదివి, వాళ్లు నిజంగా తిరిగారనే నమ్మవచ్చు. జరిగింది 1591లో, కథ అచ్చయింది 1814లో. మీరు వరస మార్చి వేస్తే, చేయని పని చేశామని చెప్పినవాళ్లను కూడా అతను కథలో పాత్రల్లాగే చూస్తాడు. నేనైతే కాగితాన్నే ముందు వేస్తాను, అర్థం తెలియకపోయినా సరే. ఎందుకు చంపుతున్నారో అర్థం కాని మాట ఒకటి ఆ పేజీలో ఉండనివ్వండి.

అనువాదకురాలు: అప్పుడు తర్వాత వచ్చే రోలండ్ కథను ఏ పిల్లవాడూ సంతోషంగా చదవలేడు.